పదమూడు పేర్లు

క్రాంతి కుమార్ బటన్ నొక్కగానే ఎనభై నాలుగు మంది కాస్తా డెబ్బై ఒక్కరయ్యారు.

"చూసినవా అక్కా, డబల్ పేర్లన్నీ ఎగిరిపోయినయి," అన్నాడు పక్క కుర్చీలోని నాగరాణితో.

నాగరాణికి ప్రాణం లేచొచ్చింది.

జహీరాబాద్‌లో వాళ్లది ముసలివాళ్లకు కంటి ఆపరేషన్లు చేయించే చిన్న సంస్థ. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పేర్లు రాసి పంపితే, హైదరాబాద్ నుంచి దవాఖాన బస్సు వచ్చి తీసుకుపోతుంది. అదీ ఏడాదికి ఒక్కసారే. ఆ రోజు నాలుగింటికల్లా లిస్ట్ అందకపోతే బస్సు ఇంకో ఊరికి పోతుంది.

అప్పటికే పన్నెండు దాటింది. ఇక నిలకడ ఎక్కడిది?

దానికి తోడు ఆ రోజే ఎక్సెల్ నేర్పడానికి మనిషి వచ్చి కూర్చున్నాడు. ఫ్యాక్టరీ కాలనీలో కంప్యూటర్ నేర్పే భార్గవి తన వాలంటీర్లలో ఒకరిని పంపుతానంటే, ఏ ఇంజినీరో వస్తాడనుకున్నారు. వచ్చినవాడు రామ్‌కిషన్. అరవై దాటిన మనిషి. తెల్ల ధోతి, భుజం మీద తువ్వాలు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొడతాడు.

"ఈయన మనకు నేర్పుతడా, మనమే ఈయనకు నేర్పాల్నా?" అని పొద్దున్నే గొణిగాడు క్రాంతి.

రామ్‌కిషన్ కళ్లజోడు సర్దుకుని కంప్యూటర్ వైపు వంగాడు.

"పదమూడు మంది ఏడ వోయిన్రు బిడ్డా?"

"డబల్ పడ్డరు పెద్దాయనా. తీసేసిన."

"డబలని నీకెవరు చెప్పిన్రు?"

"మెషినే చెప్పింది. పేరొకటే, మొగుని పేరొకటే, ఊరొకటే."

"వాపస్ తీస్కరా."

క్రాంతి నాగరాణి వంక చూశాడు. నాగరాణి గడియారం వంక చూసింది. పోయిన పేర్లు మళ్లీ వచ్చాయి.

"బీరమ్మ, భర్త సంగయ్య, మొగుడంపల్లి. గీ కింద మల్ల గదే," చదివాడు రామ్‌కిషన్. "ఇద్దరా, ఒక్కతేనా?"

"ఒక్కతే అయ్యుంటది. రెండుసార్లు రాసుకున్నరు."

"అయ్యుంటది అంటే నడవది. మనకాడ బీరప్పకు మొక్కుకుంటే బీరమ్మ, సంగమేశ్వరునికి మొక్కుకుంటే సంగయ్య. ఒక్క వాడకట్టుల నలుగురుంటరు. ఫోన్ జెయ్యుండ్రి."

"పదమూడు మందికా?"

"పదమూడు మందికి."

నాగరాణి ఫోన్ తీసింది. ఒకరు ఎత్తరు. ఒకరి కొడుకు అల్లం చేనులో మోటరు పక్కన ఉన్నాడు, అరిస్తే గానీ వినబడదు. ఒకామె పేరు చెప్పకుండా కోడలి సంగతంతా చెప్పుకొచ్చింది. నాగరాణి కాలు ఒకచోట నిలవలేదు. కిటికీ దాకా పోతుంది, వస్తుంది, మళ్లీ గడియారం చూస్తుంది.

"ఎక్సెల్ నేర్పుమంటే పాణం తీస్తుండు," అంది, ఆయనకు వినబడేటట్టే.

రామ్‌కిషన్ విననట్టే ఉండిపోయాడు. పేర్ల ముందు కొత్త నిలువు వరుస పెట్టించాడు.

"మనిషికో నంబరు ఇయ్యి బిడ్డా. పేరు కలిసినా నంబరు కలవది. గప్పుడు మెషిన్ గడబడ జెయ్యది."

మూడున్నరకు దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఇంకా పంపలేదేమని అడిగారు. ఇప్పుడే పంపుతామని చెప్పి నాగరాణి ఫోన్ పెట్టేసింది.

"డెబ్బై ఒక్కరిని పంపుదాం. మిగిలినోళ్లను వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు క్రాంతి.

రామ్‌కిషన్ మౌస్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"వచ్చే ఏడుదాకా కండ్లు ఆగుతయా?"

మళ్లీ ఫోన్లు. పదమూడు మందిలో నిజంగా రెండుసార్లు పడింది ఒక్కరే. నాలుగింటికి రెండు నిమిషాలుండగా ఎనభై మూడు పేర్లు వెళ్లిపోయాయి.

రామ్‌కిషన్ తువ్వాలు దులుపుకుని బస్టాండు వైపు నడిచాడు. చాయ్ తాగి పొమ్మని ఒక్కరూ అనలేదు.

నాగరాణి ఆ సాయంత్రమే భార్గవికి ఫోన్ చేసింది.

"ఈసారి ఇంకెవర్నన్న పంపుండ్రి. గా పెద్దాయన మాకొద్దు. దినమంత ఉరికిచ్చిండు."

"సరేనండీ," అంది భార్గవి.

గురువారం బస్సు వచ్చింది. మొగుడంపల్లిలో ఇద్దరు ముసలమ్మలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఎక్కారు.

"పేరేంది అవ్వా?" అడిగింది నాగరాణి.

"బీరమ్మ."

"నీ పేరు?"

"నేను గూడ బీరమ్మనే. ఇద్దరి మొగుళ్లు సంగయ్యలే. ఊర్ల నన్ను పొడుగు బీరమ్మ అంటరు, దీన్ని పొట్టి బీరమ్మ అంటరు. మీ కాయితంల పొడుగు పొట్టి రాయరాయె."

బస్సులో అందరూ నవ్వారు. నాగరాణికి నవ్వు రాలేదు. బస్సు దిగి, రోడ్డు పక్కన నిలబడి భార్గవికి ఫోన్ కలిపింది.

"రామ్‌కిషన్ సార్‌ను మళ్లొక్కసారి పంపుతరా? గా దినం మస్తు తప్పు మాట అన్న."

"ఆయన ఇక రారండీ. మీరు వద్దన్నారని చెప్పేశాను. 'పర్వాలేదమ్మా, నా పని అయిపోయింది' అన్నారు."

"ఏం పని?"

"అప్పటిదాకా కంప్యూటర్ ముట్టుకోని మనిషి, నాలుగు నెలలు మా దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఇంకో రెండు చోట్లకు వెళ్లమంటే, వెళ్తే మీ ఆఫీసుకే వెళ్తానన్నారు."

"మా ఆఫీసుకే ఎందుకు?"



"ఆయన మీకు చెప్పే ఉంటారనుకున్నాను," అంది భార్గవి. "పోయినేడు కోహీర్ ఊళ్లో నారమ్మ పేరు రెండుసార్లు పడిందని మీరు ఒకటి కొట్టేశారట. ఆపరేషన్ అందక రెండు కళ్లూ పోయిన ఆ రెండో నారమ్మ, ఆయన భార్య."