బొమ్మలో ముళ్ళు

కొండవాలులో నల్లపండ్ల ముళ్ళపొద ఒకటి ఉండేది. మేకలు దాన్ని తిట్టుకునేవి, కట్టెలకి వచ్చినవాళ్ళూ తిట్టుకునేవాళ్ళు. దాని నడిమధ్య గూడు కట్టుకున్న పిగిలిపిట్ట మాత్రం ఒక్కమాట అనేది కాదు.

ఆ యేడు పూతకాలంలో, చెట్టూచేమా బొమ్మలు గీసే మనిషొకడు తన పిల్లిని వెంటేసుకుని వచ్చి పొద ముందు కూర్చున్నాడు. ఒకరోజు పువ్వు గీశాడు, ఒకరోజు ఎర్రటి కాయ, ఒకరోజు నల్లగా మాగిన పండు. అతను గీస్తున్నంతసేపూ పిల్లి గూటికేసి చూస్తూ కూర్చునేది.

పొద మురిసిపోయింది. అతను కొమ్మ పట్టుకున్నప్పుడల్లా ముళ్ళని పక్కకి వంచేది.

"వద్దమ్మా," అంది పిట్ట. "నా పిల్లలకి నీ ముళ్ళే తలుపు. అవింకా కళ్ళు కూడా తెరవలేదు."

"తిట్టేవాళ్ళకి ముళ్ళు గానీ, ఇంత ముచ్చటగా చూసేవాడికెందుకే?" అంది పొద.

బొమ్మలో ఇక గీయాల్సినవి పొద వేళ్ళు మాత్రమే. మర్నాడు ఆ మనిషి గునపం తెచ్చాడు. పొద ముళ్ళన్నీ ముడుచుకుని దారిచ్చింది. మొదలు పెకిలి పక్కకి ఒరిగేసరికి గూడు నేలమీద పడింది. పిల్లికి ఎంతోసేపు పట్టలేదు.

అతను వేళ్ళు కడిగి, సన్నటి పీచుతో సహా గీసుకుని, పొదని గట్టుమీద పారేసి వెళ్ళిపోయాడు.

ఎండిపోతూ పొద పిట్టని అడిగింది, "ఆ బొమ్మలు గీసేవాడి ఇంటి కిటికీలో వాలుతుంటావు కదా. బొమ్మలో ఎలా ఉన్నానే?"

"బాగున్నావమ్మా. ముళ్ళన్నీ గీశాడు, ఒక్కటీ వదల్లేదు," అంది పిట్ట. "పిల్లి రోజూ వాటిమీదే పడుకుంటోంది."