ఆకు కట్టిన గట్టు

వినండి తల్లులారా! వరిచేలో ఓ పోటాకు, అదే మొక్క చిట్టచివరి ఆకు, ఇంకా పుట్టని కంకిని ఒడిలో దాచుకుని నిలబడింది. ఆ ఆకు కొసమీదే అగ్గితెగులు బూజు వాలింది. అది ఒడిదాకా పాకిందా, కంకి మెడ కొరికేస్తుంది!

"పారిపోలేవు, పోరాడలేవు. ఇక ఏం చేస్తావే కోడలా?" అని మిడత మావ ఎకసెక్కమాడాడు.

అప్పుడే, విత్తనంలో భగవంతుడు రాసిపెట్టిన ముత్తవ్వల మాట ఆకు ఒంట్లో మేలుకుంది: బూజుకి పచ్చి కండే తిండి, దొరకనివ్వకు! ఆకు ఊపిరి బిగబట్టి, బూజు చుట్టూ ఉన్న తన పచ్చదనాన్ని తానే చంపుకుంది. బూజు ఆకలితో మాడి చచ్చింది.

"అయ్యో, బంగారంలాంటి ఒంటిమీద మచ్చ!" అన్నాడు మిడత.

"మచ్చ కాదు మావా, గట్టు," అంది ఆకు. దాని ఒడిలోంచి కంకి మెల్లగా తల బయటపెట్టింది.