వంకర చుక్క

"మంట తగ్గించమని ఆవిడతో చెప్పక్కా," అంది రుకినీ.

ఆవిడ అంటే పార్మీ. అదే పొయ్యికి అటువైపు, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని ఉంది.

"మంట తగ్గిస్తే మైనం గడ్డకడుతుందని ఆవిడతో చెప్పక్కా," అంది పార్మీ తల ఎత్తకుండా.

గియార్తి ఇద్దరి మధ్యా కూర్చుని మైనం కలాన్ని ఊదుకుంది. జావాలోని సోలో ఊళ్ళో, బట్ట మీద మైనంతో చుక్కలు వేసే హర్యాతి అమ్మగారి బాతిక్ పనిశాలలో పొయ్యికి ముగ్గురు కూర్చుంటారు. కరిగిన మైనం ఉన్న బాణలి ఒక్కటే, ముగ్గురి కలాలూ అందులోనే మునుగుతాయి. ఈ ముగ్గురూ ఏళ్ళ తరబడి ఒకే బాణలి దగ్గర కూర్చున్నవాళ్ళు. సోమవారం నుంచి రుకినీ, పార్మీల మధ్య మాటల్లేవు.

ఆ రోజు అమ్మగారు బట్ట చూడటానికి వస్తే, "రుకినీ చెయ్యి వణుకుతోందమ్మా, చుక్కలు చూడండి ఎంత వంకరగా ఉన్నాయో," అనేసింది పార్మీ. అంతే.

శుక్రవారం అమ్మగారు గియార్తిని పక్కకి పిలిచింది.

"రేపు సాయంత్రానికి వాళ్ళిద్దరూ మాట్లాడుకోకపోతే రుకినీని రంగుల షెడ్డుకి మార్చేస్తాను."

"దాని చేతులకి రంగునీళ్ళు పడవమ్మా. పుళ్ళు పడతాయి."

"అయితే నువ్వే సర్దిచెప్పు. పెద్దదానివి, నీ మాట వింటారు." అమ్మగారు తలగుడ్డ కొంగుతో మూతి తుడుచుకుని గబగబా వెళ్ళిపోయింది.

నా మాటా, అనుకుంది గియార్తి. సొంత చెల్లెలితోనే మాటల్లేవు తనకి. చెల్లెలి కూతురు లారస్ పెళ్ళికి తను చేత్తో వేసిచ్చిన బట్టను చెల్లెలు సుతీనా మగపెళ్ళివారి ముందు విప్పి, "మా అక్క కళ్ళు మసకబారాయి, చుక్కలన్నీ తాగినట్టు తూలుతున్నాయి," అని నవ్వింది. వాళ్ళూ నవ్వారు. ఆ రోజు నుంచి గియార్తి చెల్లెలి సందులోంచి నడవడం మానేసి, కాలవ గట్టున చుట్టూ తిరిగి వెళుతోంది. రంజాన్ పండక్కి సుతీనా పనసకాయ కూర పంపితే మూత తియ్యకుండా తిప్పి పంపింది. ఇప్పుడు లారస్‌కి ఏడో నెల. ఆదివారం సీమంతం స్నానం చేయిస్తారు. ఏడుగురు పెద్దవాళ్ళు తలా ఒక చెంబు నీళ్ళు పొయ్యాలి. పిల్ల ఒక్కతే వచ్చి పిలిచి వెళ్ళింది. తల్లి రాలేదు. గియార్తి వస్తాననలేదు, రాననలేదు. పొయ్యి దగ్గర మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

శనివారం మధ్యాహ్నం రుకినీ డబ్బా ఆమె ముందుకి జరిపింది. "పనసకాయ కూరక్కా. బజార్లో కొన్నా, ఒక ముద్ద తిను."

గియార్తి తింది. "బెల్లం ఎక్కువైంది. మా వాళ్ళలో ఒకరు ఇలాగే వేస్తారు."

"బాగాలేదా?"

"బాగాలేదని ఎవరన్నారు?" ఇంకో ముద్ద తీసుకుంది. పార్మీ డబ్బాలోనూ పనసకాయే కనిపించింది. వీళ్ళకి కూర కుదిరినట్టు మాట కుదరదేం అనుకుంది.

తిన్నాక కలం పట్టుకుని గొంతు సవరించుకుంది. "పార్మీ, చుక్కలు వంకరన్నావు. అబద్ధమా?"

"నిజమే కదక్కా."

"రుకినీ, వంకరగా పడ్డాయా?"

"పడ్డాయి. పడితే మాత్రం అమ్మగారి ముందే అనాలా? నా చెవిలో చెబితే దిద్దుకోనా?"

"చెప్పు పార్మీ."

"నోరు జారింది. అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నా. అప్పటికే మొహం తిప్పేసుకుంది. వెళ్ళి అడుగుదామంటే తలుపేసుకుంటుందని భయం."

"పొయ్యి దగ్గర తలుపెక్కడిదే?"

రుకినీకి పొరబోయి దగ్గొచ్చింది. "పొగ," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"చూడు రుకినీ, దానిది తప్పే," అంది గియార్తి. "తప్పని దానికీ తెలుసు. నువ్వే ముందు పలకరించు."

"పెద్దదాన్ని, నేను తగ్గాలా?"

"తగ్గడమేంటే! దానికి భయం. నీకేం భయం? నీకున్నది రోషం. రోషం దిగాలంటే నువ్వే దింపుకోవాలి, ఇంకొకరు వచ్చి దింపరు. ఇలాగే కూర్చుంటే పిల్లల పుట్టుకలూ పెళ్ళిళ్ళూ అన్నీ..."

మాట ఆగిపోయింది. కలంలోంచి మైనం జారి, ఎన్నడూ లేనిది, ఆమె బట్ట మీద చుక్క వంకరగా పడింది. పార్మీ చూసింది. ఈసారి చూడనట్టు కలం బాణలిలో ముంచుకుంది.

కాసేపటికి రుకినీ అంది, "పార్మీ, మంట తగ్గించు."

"అలాగే," అంది పార్మీ.

సాయంత్రం ఇద్దరూ చెరో దారిన వెళ్ళిపోయారు. గియార్తి ఆగి, వేడి గరిటె ఆనించి ఆ వంకర చుక్కని కరిగించి తీసింది. మచ్చ పూర్తిగా పోలేదు. తలుపు దగ్గరికి వేసి బయల్దేరింది. కాలవ గట్టు మలుపు దగ్గర కాసేపు నిలబడి, సందులోకి తిరిగింది.

సుతీనా తలుపు తీసి అలాగే నిలబడిపోయింది.

"ఆ చుక్కలు నిజంగానే వంకర," అంది గియార్తి. దారంతా కూడబలుక్కున్న మాటల్లో అదొక్కటే గుర్తుంది.

"నలుగురిలో అనకుండా ఉండాల్సిందక్కా. ఎన్నిసార్లు నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగానో."

"రేపు నీళ్ళు పొయ్యడానికి ఎంతమంది కుదిరారు?"

"ఆరుగురు. ఏడో చెంబు నీదే, ఎవరినీ అడగలేదు." సుతీనా కళ్ళు తుడుచుకుని అక్క చెయ్యి పట్టుకుంది. "రా, అన్నం తిందువుగాని."

నడవలోకి రాగానే బెల్లం వేసిన పనసకాయ వాసన కొట్టింది. సుతీనా వంటింటి తెర పక్కకి లాగింది.

లోపల రుకినీ, పార్మీ ఒకే కంచంలో తింటున్నారు. "నిన్ను ఈ గుమ్మం ఎక్కించడానికి ఆరు రోజులు అలిగి కూర్చున్నామక్కా," అంది రుకినీ.