ఇరవయ్యో కాగితం

"మా అత్తగారి పేరు రాసెయ్ ఇత్తా. సంతకం నేను పెడతా," అన్నాడు ఉస్మాన్, తడిసిన గొడుగు మూలకు ఆనించి.

"ట్రస్టువాళ్లు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతారురా. మీరేం సేవ చేస్తారమ్మా అంటే?"

"అల్లుణ్ణి తిడతానంటుంది. ముప్పై ఏళ్ల అనుభవం!"

అందరూ ఇత్తా, అంటే అక్కా, అని పిలిచే సుహరాకు నవ్వు రాలేదు. గోడ గడియారం మూడున్నర దాటింది. బల్లమీద పంతొమ్మిది కాగితాలున్నాయి. ఎన్నిసార్లు చూసినా పంతొమ్మిదే.

మంచం పట్టినవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకునే చిన్న సంస్థ అది. కేరళలో మలప్పురం దగ్గర ఏటి ఒడ్డు ఊళ్లన్నీ దాని కిందే. ఏడాదిపాటు జీపు ఖర్చూ నర్సు జీతమూ ఇస్తామని బెంగళూరు ట్రస్టు ఒకటి ఒప్పుకుంది. అయితే జీతం లేకుండా పనిచేసేవాళ్లు ఇరవై మంది ఉండాలి. వాళ్లు సొంత చేత్తో నింపిన కాగితాలు ఈ సాయంత్రం ఐదు లోపల పంపాలి. తమ మనిషి ఒకాయన చెప్పకుండా వచ్చి చూస్తాడని కూడా రాశారు. నిన్న పొద్దున ఇరవై మందే ఉన్నారు. మధ్యాహ్నానికి రసియాకు గల్ఫ్ వీసా వచ్చింది.

ఈ సాయం అందకపోతే ఒకటో తారీకున జీపు ఓనరు తీసుకుపోతాడు. సుహరా ఏ ఇంటి గుమ్మంలోనూ "వెళ్లొస్తాం" అని ఊరుకోదు. "బుధవారం వస్తాం" అనో, "శనివారం వస్తాం" అనో చెబుతుంది. మంచంమీది మనిషి ఆ వారం పేరు పట్టుకుని ఉంటాడని ఆమెకు తెలుసు. వచ్చే నెల గుమ్మంలో నిలబడి ఏ వారం పేరు చెప్పాలి?

మెట్లమీద అడుగుల చప్పుడయింది. నింపాదిగా వస్తున్నారెవరో. అరవై ఏళ్లాయన, ఇస్త్రీ చొక్కా, తెల్ల ముండు పంచె, చంకలో ప్లాస్టిక్ ఫైలు. తలుపు పట్టుకుని నిలబడి గదినంతా చాలాసేపు చూశాడు.

ఉస్మాన్ కళ్లతోనే అన్నాడు, ట్రస్టు మనిషి వచ్చాడని.

"రండి సార్, కూర్చోండి," అంటూ సుహరా ఫ్యాను ఆయన వైపు తిప్పింది.

ఉస్మాన్ కిందికి పరుగెత్తి పాలు లేని సులైమాని టీ, వేడి అరటిపండు బజ్జీలు తెచ్చాడు. ఆయన టీ రెండు గుక్కలు తాగి, బజ్జీల పళ్లెం పక్కకు జరిపాడు.

"నిఖార్సైన ఆఫీసరు. బజ్జీ కూడా ముట్టలేదు," అని గొణిగాడు ఉస్మాన్.

"కబురు చేస్తే ఎన్నాళ్లకొస్తారు?" అడిగాడాయన.

"మర్నాడే వెళ్తాం సార్."

"వారానికెన్నిసార్లు?"

"ఒకసారి. నొప్పి ఎక్కువైతే ఎన్నిసార్లయినా."

"ఇంట్లో ఇంకెవరూ లేకపోతే?"

"ముందు వాళ్ల దగ్గరికే వెళ్తాం."

"నర్సంటే మందిస్తుంది. మిగతావాళ్లు వెళ్లి ఏం చేస్తారు?"

రాత్రంతా బట్టీ పట్టిన జవాబుల్లో ఇది లేదు. "పెద్దగా ఏం చెయ్యం సార్. పక్కన కూర్చుంటాం," అంది సుహరా.

అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం తలాడించి కాగితాలు దగ్గరకు లాక్కున్నాడు. 'ఎంతకాలం మాతో పనిచేయగలరు?' అన్న చివరి గడి దగ్గర ఒక్కొక్కటీ ఆగి చదివాడు. జానకి టీచర్ 'మోకాళ్లు మాట విన్నంతకాలం' అని రాసింది. ఉస్మాన్ 'మా ఆవిడ ఊరుకున్నంతకాలం' అన్నాడు. అది చూసి ఆయన మొదటిసారి నవ్వాడు.

"పంతొమ్మిదే ఉన్నాయే?"

"అబద్ధం చెప్పను సార్. ఒకరు తక్కువ. ఆ ఒక్కరూ లేకపోతే జీపు పోతుంది."

అప్పుడే ఫోన్ మోగింది. సుహరా విని పెట్టేసి, ఆయన వైపు తిరిగింది.

"ట్రస్టాయన. దారిలో వరదట, ఇవాళ రాలేడట. కాగితాలు పంపితే చాలన్నాడు. మరి... మీరెవరు?"

"వేలుక్కుట్టి. పెంకుల ఫ్యాక్టరీలో చేసి మానేశాను. ఆఫీసరునని నేనన్నానా?"

"అయితే ఆ బజ్జీలు నావి," అని ఉస్మాన్ పళ్లెం లాక్కున్నాడు.

"మరి ఏం పనిమీద వచ్చారు ఏట్టా?" సుహరా నోట 'సార్' పోయి, అన్నా అనే 'ఏట్టా' వచ్చింది.

వేలుక్కుట్టి ఫైలుమీద చెయ్యి వేశాడు. ఏదో చెప్పబోయి గడియారం చూశాడు. కాగితాల వైపు చూశాడు. తర్వాత ఫైలు మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

"ఒకరు తక్కువన్నారుగా. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

సుహరాకు కళ్లు చెమర్చాయి. "నిజంగానా? మీకు వీలవుతుందా?"

"పక్కన కూర్చోవడమేగా. నేనూ ఒంటరివాణ్ణే. కూర్చుంటాను."

నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో కాగితమంతా నింపి లేచాడు. మెట్ల దగ్గర సుహరా అలవాటుగా అడిగింది: "బుధవారం వస్తారుగా ఏట్టా?"

"రేవు పక్కనే మా ఇల్లు. జీపు ఆపి పిలవండి," అని కమ్మీ పట్టుకుని దిగి వెళ్లాడు.

ఐదుకు ఇంకా పావుగంట ఉంది. ఉస్మాన్ చేతులు తుడుచుకుని కాగితాలన్నీ ఒక్కొక్కటే ఫోనులో ఫొటో తీసి పంపాడు. ట్రస్టు నుంచి అందాయని జవాబు వచ్చాకే సుహరా ఊపిరి పీల్చుకుంది. ఇరవయ్యో కాగితం చేతిలోకి తీసుకుని మొదటినుంచి చదవసాగింది.

"ఆయనెంతకాలం చేస్తాడట ఇత్తా? చివరి గడిలో ఏం రాశాడు?" అడిగాడు ఉస్మాన్.

'డాక్టరు మూడు నెలలన్నాడు.'