పేరు లేని ఫైలు

"తర్వాతిది తియ్యి," అంటూ పెద్ద డాక్టరు బల్ల మీది ఫైలును పక్కకి తోసేశాడు.

చిన్న డాక్టరమ్మ దాన్ని మళ్ళీ మధ్యకి లాగింది. "దీని సంగతి తాడో పేడో తేలనిదే తర్వాతిది తియ్యను సార్."

మీటింగు గదిలో సర్జను తన గోళ్ళు చూసుకున్నాడు. స్కాన్ డాక్టరు నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ బిగించాడు. పెద్ద డాక్టరంటేనే కొరకరాని కొయ్య. ఆయన ముందు నోరెత్తడమే గొప్ప, ఈవిడ ఏకంగా ఫైలుకే అడ్డం పడింది. పని నేర్చుకున్నది ఆయన దగ్గరే మరి, ఆ మొండితనం ఊరికే వస్తుందా!

ప్రతి బుధవారం ఆ ఆసుపత్రిలో కేన్సర్ కేసుల మీద ఈ నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఫైలు మీద పేరుండదు, నంబరే ఉంటుంది. పేరు వింటే జాలి పుడుతుంది, జాలితో వైద్యం చేస్తే తప్పులు జరుగుతాయి అని పెద్ద డాక్టరు పెట్టిన పద్ధతి అది. నలుగురిలో ఒక్కరు కాదన్నా కేసు ఆగిపోతుంది.

"సరే, ఏడువు," అన్నాడాయన విసుగ్గా. "నలభై ఒకటో నంబరు. ఏముంది అందులో?"

"క్లోమంలో గడ్డ. పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని ఉంది, కోసి తియ్యలేం. ఆర్నెల్లు మందులు ఎక్కించాం. గడ్డ తగ్గలేదు, కానీ ఎక్కడికీ పాకలేదు. పాకాక చూద్దామంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఇప్పుడే ప్రోటాన్ కిరణాలు పెడదాం."

"మామూలు రేడియేషన్ ఏం పాపం చేసింది?"

"గడ్డని ఆనుకునే పేగు ఉంది సార్. మామూలు కిరణం గడ్డ దగ్గర ఆగదు, దాటి అవతలికి పోతుంది. దారిలో ఉన్నవాటినల్లా కాలుస్తుంది. ప్రోటాన్ అయితే మనం చెప్పినంత లోతుకి వెళ్ళి అక్కడ ఆగిపోతుంది. మాకు నేర్పింది మీరే కదా."

"మిగతాది కూడా నేర్పానే! ఊపిరి పీల్చినప్పుడల్లా క్లోమం కదులుతుంది. పేగులో కాస్త గాలి చేరితే చాలు, నీ లోతు లెక్క తప్పిపోతుంది. పోనీ, దాంతో మనిషి ఎక్కువ కాలం బతుకుతాడని రుజువేది? చూపించు."

"గట్టి రుజువు ఇంకా లేదు," అని ఒప్పుకుంది. "బతకడనీ ఎవరూ రుజువు చెయ్యలేదు. ఊపిరి బిగపట్టించి పెడతాం. రోజూ ముందు స్కాన్ చూస్తాం. గాలి కనబడితే ఆ పూటకి ఆపేస్తాం."

"అరవై మూడేళ్ళ మనిషికి ఇంత హంగామా ఎందుకమ్మా? ఐదు వారాల పాటు రోజుకో గంట మెషీను ఆయనకిచ్చేస్తే, మెదడులో గడ్డతో వచ్చిన పసిపిల్ల ఎక్కడికి పోవాలి?"

ఆయన గొంతు పెరిగింది. అందులో నటన ఏమీ లేదు. పిల్లల వంతు దగ్గరికొచ్చేసరికి ఆయన దేవుడు దిగొచ్చి చెప్పినా వినడని ఆసుపత్రి అంతటికీ తెలుసు.

ఆమె కూడా తగ్గలేదు. "పిల్లల టైము ఒక్క నిమిషం కూడా ముట్టుకోవట్లేదు. మెషీను సాయంత్రం ఆరింటికి ఆపేస్తున్నాం. ఈ కేసు కోసం ఏడు దాకా ఉంటామని టెక్నీషియన్లు రాసిచ్చారు. ఇదిగో, ఏడుగురూ."

"వాళ్ళని ఎవరు అడగమన్నారు నిన్ను?"

"నేను అడగలేదు సార్. వాళ్ళే వచ్చారు."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"బయట ఆయన భార్య పొద్దుటి నుంచి కూర్చుని ఉంది," అందామె మెల్లగా.

"ఈ ప్రోటాన్ సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు?"

"నేనే."

"బుద్ధుందా నీకు? లేనిపోని ఆశ పెట్టి, రేపు చేతులెత్తేస్తే ఆవిడ ఏమైపోవాలి? ఇంటికి పొమ్మను!"

"చెప్పి చూశాను. సరేనన్న మాట చెవిన పడేదాకా కుర్చీలోంచి లేవనంది. కావాలంటే మీరు వెళ్ళి చెప్పండి."

సర్జను నవ్వాపుకోలేక దగ్గాడు. పెద్ద డాక్టరు అతని వంక గుడ్లురిమి చూశాడు. ఆ చూపుకి మామూలుగా అయితే సర్జను తలదించుకునేవాడే. ఇవాళ దించుకోలేదు.

"ఇక చాలు. సరేననేవాళ్ళు చేతులెత్తండి."

చిన్న డాక్టరమ్మ చెయ్యి లేచింది. సర్జను ఎత్తాడు. స్కాన్ డాక్టరు ఎవరి ముఖమూ చూడకుండా తనదీ ఎత్తాడు.

"మూడే," అన్నాడు పెద్ద డాక్టరు. "నేను కాదంటున్నాను. పద్ధతంటే పద్ధతే. కేసు ఆగిపోయింది."

"ఈ కేసులో మీ మాట చెల్లదు సార్."

ఆయన దిగ్గున లేచాడు. "పద్దెనిమిదేళ్ళుగా కూర్చుంటున్నాను ఈ కుర్చీలో! నా మాట చెల్లదని చెప్పడానికి నువ్వెవరివి?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయమూ వేసింది. అయినా వెనక్కి తగ్గలేదు. ఫైలు చివరి కాగితం తెరిచి, పెన్ను మూత తీసి, ఆయన చేతికిచ్చింది.

"డాక్టర్ల సంతకాలు మూడూ అయిపోయాయి సార్. మీరు ఆ కింద, రోగి అని రాసి ఉన్న గీత మీద పెట్టండి."