ఆదివారం ఫోను

ఇప్పచెట్టు కింద పువ్వు ఏరడానికి కూర్చున్న బిందు మళ్ళీ లేవలేకపోయింది.

బుట్టను నేలకు ఆనించి ఒకసారి ప్రయత్నించింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టి ఇంకోసారి. తొడలు వణికాయి తప్ప ఒళ్ళు లేవలేదు.

"ఏంది వదినా, అక్కడే కాపురం పెట్టినవా?" పక్కన ఏరుతున్న లక్మే నవ్వింది.

ఉపేంద్ర వచ్చి భార్య రెండు చేతులూ పట్టుకుని లేపాడు. ఎంత తేలికగా లేచిందో! ఆరు నెలల కిందట ఇదే మనిషిని మంచం మీంచి లేపాలంటే ఇద్దరు కావలసి వచ్చేది.

అప్పుడు బిందు నూట పద్దెనిమిది కిలోలు. షుగరు, మోకాళ్ళ నొప్పులు. సరిహద్దు అడవిలోని పామేడులో కిరాణా కొట్టు నడిపే ఉపేంద్ర ధైర్యం చేసి ఆమెను వరంగల్ తీసుకెళ్ళాడు. కడుపును చిన్నది చేసే ఆపరేషన్ చేయించాడు. ఇప్పుడు డెబ్భై ఆరు. కొట్టుకొచ్చిన వాళ్ళంతా "బహుత్ అచ్ఛా" అంటుంటే ఉబ్బిపోయేవాడు.

ఆ సాయంత్రం ఫోను మోగింది. ఆదివారం కాబట్టి ఎవరో అతనికి తెలుసు.

"అన్నా, నేను సుమిత్రను. బిందక్క ఎట్లుంది?"

"మంచిగుంది. ఇంకో రెండు కిలోలు తగ్గింది."

"నేనడిగేది కిలోలు కాదన్నా. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేస్తందా?"

ఉపేంద్రకు చిరాకేసింది. ఐదు నెలలుగా ప్రతి ఆదివారం ఇదే ప్రశ్న. నర్సు దగ్గర నంబరు తీసుకున్నానని మొదటిసారి చెప్పింది. ఆసుపత్రి మనిషి కాబోలు అనుకుని ఊరుకున్నాడు.

"ఏం తింటంది?"

"జావ తాగుతంది. నాలుగు చెంచాలు దాటితే పడతలేదు."

"ఆ నాలుగు చెంచాల్లో ముందు గుడ్డో, పప్పో, చేపో పడాలె అన్నా. జావ తర్వాత. రోజూ కుర్చీలోంచి పదిసార్లు లేపు. రెండు నీళ్ళ సీసాలు పట్టుకొని చేతులు ఎత్తమను. పోయేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా పోతది."

"గుడ్డు పెడితే వాంతి చేసుకుంటంది."

"మెత్తగా నలిపి, ఆగాగి పెట్టు. అయినా ఆగకపోతే డాక్టరుకు చూపియ్యి. రెండు నెలలకు రమ్మన్నరు గదా, పోయినరా?"

పోలేదు. వరంగల్ బస్సు దొరికే చర్ల దాకా అడవి దారిలో పడి వెళ్ళడమే ఒక రోజు పని. మనిషి కళ్ళముందు సన్నబడుతుంటే డాక్టరెందుకని కూడా అనుకున్నాడు. తన తప్పు ఎవరో వేలుపెట్టి చూపించినట్టయి ఉపేంద్రకు మండింది.

"నీ సంగతి నాకు తెల్వదా? ఇయ్యాల గుడ్డంటవు, రేపు బలానికి పొడి డబ్బా కొనుమంటవు. గదే గదా నీ పని!"



"నేనేం అమ్మనన్నా. అక్క లేస్తందో లేదో చూడు, అంతే."

ఉపేంద్ర ఫోను పెట్టేసి ఆ నంబరును బ్లాక్ చేశాడు.

"ఎవరు?" బిందు అడిగింది.

"డబ్బాలు అమ్మేటామె."

"అయ్యో, మంచిగనే మాట్లాడేదిగా."

ఆ తర్వాతి ఆదివారాలు ప్రశాంతంగా గడిచాయి. బిందు ఇంకా తగ్గింది. మొదట బిందె ఎత్తడం మానేసింది. తర్వాత తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవడం లేదంది. ఉపేంద్ర ఇంటి పనులన్నీ తనే చేసి ఆమెను మంచం దిగనివ్వలేదు. అది ప్రేమ అనుకున్నాడు.

వానలు మొదలైన వారం బిందు పెరట్లో పడిపోయింది. కాలు జారలేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. తుంటి ఎముక విరిగింది.

వాగు దాటేదాకా మంచం మీద మోశారు. నలుగురు రాబోతే పక్కింటి ముకేష్ వద్దన్నాడు.

"ఇద్దరం చాలు అన్నా. ఏం బరువుందని?"

ఉపేంద్ర తల దించుకుని మంచం వెనక నడిచాడు.

వరంగల్‌లో అదే ఆసుపత్రి డాక్టరు ఆమె తొడను వేళ్ళతో నొక్కి చూశాడు.

"కండంతా కరిగిపోయింది. ఎముకకు ఆపరేషన్ చేస్తాం. నడుస్తుందా అంటే మాత్రం చెప్పలేను. ఏం తినాలో, ఏం వ్యాయామం చెయ్యాలో కాగితంలో రాసిచ్చాం కదా?"

ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. కొట్టులో దేవుడి పటం వెనక భద్రంగా ఉంది.

"మీ సుమిత్ర మేడం ఫోన్ల చెప్పింది సార్. నేనే ఇనలేదు. ఒక్కసారి కనపడితే కాళ్ళు పట్టుకుంట."

డాక్టరు నర్సు వైపు చూసి, మళ్ళీ అతని వైపు చూశాడు.

"ఆ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచెయ్యట్లేదే!"

ఉపేంద్ర వరండాలోకి వచ్చి బ్లాక్ తీసి ఆ నంబరు నొక్కాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"సుమిత్ర మేడంతో మాట్లాడాలె."

"అక్క లేదండీ. చనిపోయి నలభై రోజులైంది. మీరెవరు?"



"పామేడు నుంచి... ఉపేంద్రను."

"మీరా! పామేడు అన్న ఫోను కలుస్తలేదు, ఆ అక్క ఎట్లుందో అని ప్రతి ఆదివారం అనేది."

ఉపేంద్ర గోడకు చేరగిలబడ్డాడు. లోపల నుంచి బిందు మూలుగు వినిపిస్తోంది.

"మీ అక్క ఏ ఆసుపత్రిల పనిచేసేదమ్మా?"

"పని ఎక్కడిదన్నా?" అంది ఆ అమ్మాయి. "మీ ఇంటామెకు చేసిన ఆపరేషనే అక్కకూ చేసిన్రు, అప్పటిసంది మూడేళ్ళు మంచంలోనే ఉంది."