చితకని నిమ్మకాయలు

చేత్తో కారు నడుపుతూ వీధిలోకొస్తే జైల్లో వేసే కాలం అది. అలాంటప్పుడు రాజమండ్రిలో గవర్రాజు ఇంటి ఆవరణలోకి ఎర్రటి పాత అమెరికన్ మస్టాంగ్‌ కారు కొని దింపించాడు. భార్య మాణిక్యాంబ బొట్టుపెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచింది.

అప్పట్లో కొడుకు కొన్న కారుకీ ఇలాగే పెట్టింది. తనంతట తాను నడిచే ఆ కారు, అడ్డం తీసేదాకా కదలనని మొండికేసింది. ఆవిడే తీసేసింది. నెల తిరక్కుండా అది కొడుకుతో సహా బ్రిడ్జి మీంచి గోదాట్లో పడింది.

"ఇదైనా తొక్కుతాదంటారా?" అంది మాణిక్యాంబ.

గవర్రాజు కారెక్కి, ఎప్పుడో నేర్చుకున్నట్టే క్లచ్చు వదిలాడు. కారు గర్జించి ముందుకురికింది. నిమ్మకాయలు చితికిపోయాయి.

"చాలు, ఆపేత్తాను."

"ఆపకండి."

మాణిక్యాంబ వీధి గేటు బార్లా తెరిచొచ్చి పక్కన కూర్చుంది.

"ఆ బ్రిడ్జి దాకా పోనివ్వండి."